మొగ్గు లేని త్రాసు

త్రాసుల కార్ఖానా,
రెండో అంతస్తు, పివట్ గది

ఒరేయ్ తమ్ముడూ,

కుశల ప్రశ్నలు చివర్లో. ముందు పెట్టె సంగతి. రేపో ఎల్లుండో నీ కొట్టుకి ఒక చెక్కపెట్టె వస్తుంది. దాని మీద నాలుగు వైపులా "పగిలే సరుకు" అని నేనే రాశాను. లారీవాడు ఆ అక్షరాల మీదే కూర్చుంటాడని తెలుసు, అయినా రాశాను. ఆ పెట్టె నువ్వు తప్ప ఎవరూ విప్పకూడదు. మరదలు అసలే వద్దు. ఆ పిల్లంటే నాకు ప్రాణమే, కానీ తన చెయ్యి పడ్డ గడియారం ఏదీ మళ్ళీ తిరగలేదని నువ్వే చెప్పావు.

లోపల ఉన్నది నా త్రాసు. త్రాసంటే అందరికీ పళ్ళేలు కనిపిస్తాయి, కాడ కనిపిస్తుంది, ముల్లు కనిపిస్తుంది. ఆ కాడ నడుముకి అడ్డంగా ఒక ఉక్కు ముక్క ఉంటుంది, అంచు కిందికి పెట్టిన కత్తిలాగా. ఆ అంచు ఒక నున్నటి రాతిపలక మీద ఆనుకుంటుంది. కాడ, పళ్ళేలు, పప్పు, తూకపు రాళ్ళు, సమస్తం నిలబడేది ఆ అంచు మీదే. దాన్నే పివట్ అంటాం. నా కళ్ళజోడు, నా నడుంనొప్పి, నాకు పెళ్ళి చూపులకి తీరిక దొరక్కపోవడం, అన్నీ దాని చలవే. ఇన్నాళ్ళకి కుదిరిందిరా. ఈ అంచు మీద కాడ ఊగుతుంటే రాపిడి అన్న మాటే లేదు. పళ్ళెంలో ఈగ వాలితే ముల్లు చెబుతుంది. ఎగిరిపోతే అదీ చెబుతుంది.

ఇక అసలు గొడవ. మా కార్ఖానాలో త్రాసులతోపాటు సీసా మూతలు కూడా చేస్తాం కదా, డైరెక్టరుగారి ప్రాణమంతా మూతల మీదే ఉంటుంది. "మూత పెట్టామా, తీశామా, అయిపోయింది. ఈ ఊగడాలూ తూగడాలూ ఎందుకమ్మా?" అంటాడు. పివట్ గదిని మూతల గోడౌను చేసేద్దామని చూస్తున్నాడు. కాళ్ళావేళ్ళా పడితే ఒక షరతు మీద ఆగాడు. ఈ త్రాసు ఒక మామూలు కొట్లో మూడు నెలలు పనిచెయ్యాలి, బాగుందని కొట్టువాడు రాసివ్వాలి. రాసిస్తే తయారీ మొదలు. లేదా ఈ గదికి తాళం, నాకు మూతల సెక్షను. ఒరేయ్, నేను మూతలు చెయ్యలేనురా.

నువ్వు నా తమ్ముడివని దాచలేదు. "మరీ మంచిది, అక్కని మెచ్చుకునే తమ్ముణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు" అన్నాడు.

జాగ్రత్తలు: ఫ్యాను వేయకు. కౌంటరు మీద ఎవరినీ ఆనుకోనివ్వకు. దగ్గరగా ఊపిరి వదలకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీరంతా కులాసాయేనా?

అక్క

*

కొట్టు,
బియ్యం బస్తాల మధ్య నుంచి

అక్కా,

పెట్టె క్షేమంగా చేరింది. లారీవాడు ఆ అక్షరాల మీద కూర్చోలేదు, పడుకున్నాడు. అయినా త్రాసు చెక్కు చెదరలేదు. నీ మరదలు గుమ్మం అవతల నుంచే చేతులు కట్టుకుని చూసి, "అబ్బో, ఏం సోకు! ముట్టుకోమన్నా ముట్టుకోను" అంది. గడియారాల సంగతి నీకెందుకు చెప్పానని నాతో రెండు పూటలు మాట్లాడలేదు.

త్రాసు బ్రహ్మాండం. అందులో రెండో మాట లేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి ఒకటీ అరా చిన్న విషయాలు రాస్తున్నాను.

మొదటి బేరం అల్లికలావిడది. ఎప్పుడూ చేతిలో ఊలు, సూదులు ఉంటాయి, పక్క వీధి. కిలో పప్పు అడిగింది. పోశాను. ముల్లు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళింది. ఎంత హుందాగా ఊగుతుందక్కా, చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. ఆవిడ బస్తా మీద కూర్చుని స్వెట్టరుకి ఒక చెయ్యి అల్లేసింది. "బాబూ, రెండో చెయ్యి ఇక్కడే మొదలుపెట్టనా, ఇంటికెళ్ళి మొదలుపెట్టనా?" అని అడిగింది. ఇంకాస్తలో ముల్లు నిలుస్తుందనగా వెనకనుంచి లెక్కల మేష్టారు తుమ్మారు. మళ్ళీ మొదటికొచ్చింది.

అందుకని తూకం వేస్తున్నంతసేపూ అందర్నీ ఊపిరి బిగబట్టమన్నాను. మేష్టారు పట్టుదల మనిషి, మొహం వంకాయ రంగుకొచ్చినా వదల్లేదు. చివరికి గోడకి జారగిలబడ్డారు. ఆ గాలికి మళ్ళీ ఊగింది.

ఎట్టకేలకి నిలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. నేను గర్వంగా చూపించాను. అల్లికలావిడ తొంగిచూసి, "మొగ్గు ఏదయ్యా?" అంది. "మొగ్గు లేదండీ, సరిసమానం. మా అక్క చేసింది" అన్నాను. "మీ అక్కకి నేనేం అపకారం చేశాను?" అంది. ఆ మాట మీద ఆవిడ మళ్ళీ రాలేదు.

వ్యాపారం బాగానే ఉంది. ఎండలు కదా, జనం కాస్త పలచబడ్డారు. ఎదుటి కొట్లో మాత్రం ఎందుకో కిటకిటలాడుతున్నారు. అక్కడ ఎండ లేదేమో.

తమ్ముడు

*

పివట్ గది

ఒరేయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్వెట్టరు చెయ్యి పూర్తయ్యేదాకా ఊగిందా! గట్టిగా అల్లే మనిషా, వదులుగా అల్లే మనిషా? రాయి. అది తెలిస్తే రాపిడి ఎంతో అంచనా కట్టొచ్చు. కళ్ళు చెమర్చాయిరా. ఇంత మంచి పివట్ నా చేతి మీదుగా వస్తుందని నేనే అనుకోలేదు.

మొగ్గు అన్నావే, దాని సంగతి. సరుకున్న పళ్ళెం ఒకింత కిందికి వాలితే జనానికి సంతోషం. ఎందుకు? రాయి ఎంతో సరుకు అంతే ఉంటే దాన్ని తూకం అంటారు. సరుకు ఎక్కువుంటే దాన్ని తప్పు అంటారు. మొగ్గు అంటే మర్యాదగా చేసే తప్పు. నేను నా యవ్వనమంతా ఆ తప్పు తియ్యడానికి ధారపోస్తే, నువ్వు నీ అల్లికలావిడ మాట పట్టుకుని నాకు ఉత్తరం రాస్తావా? అసలు కంటే కొసరు ముద్దనే మనుషుల కోసం కాదు నేను త్రాసు చేసింది.

ఆవిడకి నచ్చజెప్పు. కౌంటరు మీద "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, సమానత్వం పాటించండి" అని ఒక బోర్డు పెట్టు.

డైరెక్టరుగారు నిన్న వచ్చి నా గదిలో రెండో బల్ల తీయించేశాడు. దాని చోట్లో మూతల పెట్టెలు సర్దారు. "తాత్కాలికం" అన్నాడు. కూర్చుంటే మోకాళ్ళకి మూతలు తగులుతున్నాయి. ఆయనకి ఒకటే ప్రశ్న: ముల్లు ఎంతసేపట్లో నిలుస్తుంది? నీ రిపోర్టులో అదే ముఖ్యం. నిజం చెబితే ఆయనకి నచ్చదేమోనని భయంగా ఉంది. అబద్ధం మాత్రం రాయకు.

అక్క

*

కొట్టు

అక్కా,

శుభవార్త. కూర్చుని చదువు.

ముల్లు నిలుస్తోంది. ఎంతసేపట్లో అంటావేమో, సేపన్నది లేదు. సరుకు పెట్టగానే నిలుస్తోంది. మొన్న సోమవారం నుంచీ ఇదే వరస. జనం మళ్ళీ వస్తున్నారు. ఫ్యాను వేసుకుంటున్నాను. మేష్టారు ఇష్టమొచ్చినట్టు తుమ్ముతున్నారు. "ఇదీ త్రాసంటే! నిలకడ చూడండి, మంచి కుటుంబంలో పుట్టినదానిలా ఉంది" అని అల్లికలావిడ పదిమందికీ చెబుతోంది.

రిపోర్టు జతచేశాను. "బాగుంది, వెంటనే నిలుస్తోంది" అని రాసి సంతకం పెట్టాను. నువ్వింక నిశ్చింతగా ఉండు. మూతల ఊసెత్తకు.

ఆవిడ వదులుగానే అల్లుతుంది.

తమ్ముడు

*

పివట్ గది
(పెద్ద బల్ల మీద నుంచి)

ఒరేయ్ నాయనా,

వెంటనే అంటే ఎంత వెంటనే?

నీ రిపోర్టు వచ్చిన పూటే, మూడు నెలలు నిండలేదన్న ధ్యాస కూడా లేకుండా డైరెక్టరుగారు మూతల పెట్టెలన్నీ ఎత్తించేశాడు. పాత బల్ల తిరిగొచ్చింది, ఇంకో పెద్ద బల్ల కూడా వచ్చింది. నాకొక తిరిగే కుర్చీ ఇచ్చారు. కూర్చుంటే ఎటో తిరిగిపోతోంది, దాని బేరింగులో ఎంతో రాపిడి. ఆయన అప్పుడే కరపత్రాలు కొట్టించాడు: "కన్ను ఆర్పేలోపు నిలిచే త్రాసు." తూనికల శాఖ పెద్ద అధికారిని పిలిచి, హాల్లో జనం ముందు ప్రదర్శన పెడతాడట. నన్ను చూసి వాకిట్లో వాచ్‌మన్ లేచి నిలబడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేవలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ నాకు తిండి సయించడం లేదురా. లెక్క వేశాను, మళ్ళీ వేశాను, కాగితం తలకిందులు చేసి వేశాను. రాపిడి లేని పివట్ మీద కాడ వెంటనే నిలవడానికి వీల్లేదు. ఎంత మంచి పివట్ అయితే అంతసేపు ఊగాలి. నీ కొట్లో ఏముందిరా? కౌంటరు ఏ చెక్క? గోడ ఎంత దూరం? తలుపు ఎటు? నేల కింద ఏమైనా ప్రవహిస్తోందా? ఏదో తెలియని శాస్త్రం నా పివట్‌లో బయటపడింది. అది నీ పప్పుల కొట్లో బయటపడ్డందుకు నాకు అసూయగా ఉంది. దయచేసి అన్నీ రాయి.

అక్క

*

కొట్టు

అక్కా,

కౌంటరు మామూలు చెక్కే. గోడ గోడలాగే ఉంది. ఇక్కడ గాలి మంచిదక్కా. నిలకడైన గాలి. అంతకంటే నాకు తెలీదు.

మీ కార్ఖానా నుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చివెళ్ళారు. ముందు రెండు పళ్ళేల్లో చెరో కిలో రాయి పెట్టారు. త్రాసు కదల్లేదు. "భేష్" అన్నారు. ఒకవైపు ఒక చొక్కా గుండీ అదనంగా వేశారు. కదల్లేదు. "చిన్నవాటికి చలించదు" అని రాసుకున్నారు. వాళ్ళలో లావుపాటాయన తన టోపీ తీసి పెట్టాడు. కదల్లేదు. బూటు విప్పి పెట్టాడు. ఊహూఁ. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారనుకున్నాను. చివరికి లావుపాటాయన బూటు తొడుక్కుంటూ, "గొప్ప స్థిరచిత్తం" అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

పోతూ పోతూ కొట్లో గాలి ఒక సీసాలో పట్టి, మీ మూతే బిగించి తీసుకెళ్ళారు. ప్రదర్శన కోసమని త్రాసుని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టెలో పెట్టి పట్టుకెళ్ళారు. వద్దన్నాను. నేను వద్దంటున్నకొద్దీ వాళ్ళకి దాని మీద గౌరవం పెరిగింది.

అక్కా, ప్రదర్శనకి వేరే త్రాసు పెట్టుకోకూడదా?

తమ్ముడు

వదినా, కాగితం అడుగున చోటుంది కాబట్టి రాస్తున్నాను. ఈయన పోస్టులో వెయ్యమని ఇచ్చి స్నానానికి వెళ్ళారు. కాడ కింద రెండు వైపులా అగ్గిపుల్ల ముక్కలున్నాయి. ఈయనే దూర్చి లక్క పెట్టారు. అందుకే అది నిలుస్తోంది, నిలవక ఏం చేస్తుంది పాపం? సరుకు మాత్రం వెనకగదిలో పాత త్రాసు మీద తూచి, ఒక గుప్పెడు కలిపి తెస్తారు. దాన్ని మీ త్రాసు మీద ఒక్క క్షణం పెట్టి తీస్తారు, అంతే. అంటే ఎవరికీ తక్కువ ఇవ్వలేదు, అది మటుకు నమ్మండి. మీరు జనం ముందు నిలబడాల్సిన మనిషి, మీకు తెలియకపోతే ఎలా? ఆ గడియారాలు కూడా నేను ముట్టుకోకముందే చెడిపోయాయి.

*

పివట్ గది

ఒరేయ్,

అగ్గిపుల్ల.

నాలుగు రోజుల నుంచి ఆ ఒక్క మాట రాసి చించేస్తున్నాను. ఉక్కుని ఆ అంచుకి తేవడానికి నేను పడ్డ పాట్లు నీకు తెలుసు. నూనెరాయి మీద, తోలు మీద, ఆఖరికి నా అరచేతి మీద కూడా రుద్దాను. దానికి నువ్వు అగ్గిపుల్లతో సంకెళ్ళు వేశావు. గుర్రాన్ని కొనిపెడితే కాళ్ళు కట్టేసి, ఎంత బుద్ధిగా నిలబడిందో చూడండని ఊరందరికీ చూపించావు. వెంటనే నిలుస్తోందట! గోడకి కొట్టిన మేకు కూడా వెంటనే నిలుస్తుంది. దాన్ని ఎవరూ త్రాసు అనరు.

త్రాసు ఇక్కడే ఉంది. వెళ్ళి భూతద్దంతో చూశాను. మరదలు చెప్పినట్టే ఉన్నాయి. లక్క కూడా వంకరగా పెట్టావు.

తిన్నగా డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన పెన్ను తీసి, "నెలకి ఎన్ని అగ్గిపుల్లలు కావాలమ్మా?" అన్నాడు. "అయ్యా, అగ్గిపుల్ల పెడితే అది తూచదు" అన్నాను. "తూచకపోతే ఫిర్యాదులుండవు. నిలుస్తోంది, అది చాలు" అన్నాడు. "మరి పివట్ ఎందుకండీ?" అని అడిగాను. నన్ను జాలిగా చూసి, "పివట్ లేకపోతే దాన్ని త్రాసని ఎలా అంటామమ్మా?" అన్నాడు.

వచ్చే బుధవారం ప్రదర్శన. నోరు మూసుకుంటే పివట్ విభాగానికి నేనే పెద్దని. కదలకుండా కట్టేసే పివట్లు చేస్తూ బతకాలి. నోరు విప్పితే మూతలు. ఎందుకు చేశావురా ఈ పని? నువ్వు తప్పు రిపోర్టు రాసినా భరించేదాన్ని. నా పివట్‌ని కట్టేశావు చూడు, అదే నాకు మింగుడు పడటం లేదు.

అక్క

*

కొట్టు

అక్కా,

తిట్టు, పడతాను. నీ మరదలు అప్పుడే తిట్టింది, కాస్త అలవాటైంది.

ఎండల వల్ల జనం తగ్గలేదు. జనమే రాలేదు. రోజంతా నేనూ, ఊగే ముల్లూ, ఎదురుబదురుగా కూర్చునేవాళ్ళం. ఉన్నదున్నట్టు రాస్తే నువ్వు మూతల్లోకి పోతావు, రాయకపోతే నా కొట్టు పోతుంది. బీడీ ముట్టించుకోవడానికి పుల్ల తీశాను, చేతిలో ఉంది, ముల్లు ఊగుతోంది. అంతేనక్కా. బుద్ధి గడ్డి తింది.

ఒక్క సంగతి మాత్రం నీకు ఎదురు చెబుతాను. మొగ్గు తప్పు కాదు. అల్లికలావిడకి ఆ గుప్పెడు పప్పుతో కడుపు నిండదు. పళ్ళెం తన వైపు వాలితే, ఈ కొట్లో నేనంటే ఇష్టమేలే అనుకుంటుంది. సమానంగా నిలబెడితే, లెక్క తేలిపోయింది ఇక పదమన్నట్టు ఉంటుంది ఆవిడకి.

నువ్వు మాత్రం తక్కువా? చిన్నప్పుడు ఉన్న ఒక్క చక్కెర బిళ్ళని దారం పెట్టి కోసేదానివి. రెండు ముక్కలూ కంటి దగ్గర పెట్టుకుని చూసి, ఒకటి నాకిచ్చి "సమానం" అనేదానివి. నాదే పెద్దదని నాకు అప్పుడే తెలుసు.

బుధవారం నీ ఇష్టం. పుల్ల తీసేస్తే నా పేరు చెప్పు. నా తమ్ముడు వెధవ అని మైకులోనే చెప్పు. కానీ నా మొహం చూసి నోరు మూసుకోకు.

తమ్ముడు

*

మూతల సెక్షను,
కింది అంతస్తు

తమ్ముడూ,

పై చిరునామా చూస్తే సగం కథ తెలిసిపోతుంది. మిగతా సగం చెబుతాను విను.

హాలు నిండిపోయింది. నీ కొట్టు గాలి సీసాని ఒక పీట మీద పెట్టి దండ వేశారు. డైరెక్టరుగారు అరగంట మాట్లాడి, "ఇక చూడండి" అని నావైపు తిరిగాడు. నేను జడపిన్ను తీసి రెండు పుల్లముక్కలూ పెకలించి ఆయన చేతిలో పెట్టాను. ఒక పళ్ళెంలో రాయి, ఇంకోదాన్లో రాయి పెట్టాను.

కాడ లేచింది. ఒరేయ్, ఊగింది చూడు! మొదటి వరసలో తలలు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. ఆ వెనక వరస, ఆ వెనక వరస. హాలంతా ఒక్కసారిగా కుడికీ ఎడమకీ. డైరెక్టరుగారు "ఆగుతుంది, ఆగుతుంది" అంటున్నాడు, పెళ్ళివారికి సర్దిచెబుతున్నట్టు. టీలు వచ్చాయి, తాగారు, కప్పులు వెళ్ళిపోయాయి. తూనికల అధికారి కునుకు తీసి లేచి, "ఇంకానా?" అన్నాడు. నాకు మాత్రం ఆకలి లేదు, దాహం లేదు. అందరి ఎదుటా అది కాళ్ళ కట్లు ఊడి ఆడుతోంది, అది చాలనిపించింది.

చివరికి నిలిచింది. సరిగ్గా నడిమి గీత మీద. అప్పుడు వెనకనుంచి ఎవరో ఒక్కడు, పాపం ఆనందం పట్టలేక, చప్పట్లు కొట్టాడు.

ఆ గాలికి మళ్ళీ ఊగడం మొదలైంది. జనం లేచి వెళ్ళిపోయారు.

పివట్ గదికి తాళం పడింది. త్రాసుని చెత్తలో వేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను, ఇప్పుడు నా వంటగదిలో ఉంది. నేను ఇక్కడ మూతలు చేస్తున్నాను. చేతకాదని చెప్పాను కదా. నేను చేసిన మూతలు సీసాకి ఎంత కచ్చితంగా అతుకుతున్నాయంటే ఎవరికీ ఊడి రావడం లేదు. ఒకాయన పళ్ళతో ప్రయత్నించి ఆసుపత్రికి వెళ్ళాడు. రెండో నోటీసు ఇచ్చారు.

నీ పేరు చెప్పలేదు. వెధవవని నాకు తెలిస్తే చాలు.

చక్కెర బిళ్ళ ముక్కలు సమానమే. నేను కొలిచాను.

అక్క

*

కొట్టు

అక్కా,

నీ ఉత్తరం కొట్లో పైకి చదివాను. మేష్టారు ఏడ్చారు. అల్లికలావిడ "ఆ చప్పట్లు కొట్టిన వెధవ ఎవడో చెప్పు" అని సూది పట్టుకుని లేచింది.

ఆవిడే ఒక మాట అంది. "ఈగ బరువు చెప్పగల మనిషికి మొగ్గు పెట్టడం రాదా?" అని. నాకూ నిజమే అనిపించింది. నీకు తప్పు చెయ్యడం రాక కాదు, ఎంత తప్పు చెయ్యాలో నీకెవరూ చెప్పలేదు. నేను చెబుతాను. నేను ఎవరికి ఎంత కొసరు వేస్తానో పొట్లాలు కట్టి, పైన గుర్తులు రాసి పంపుతున్నాను. అల్లికలావిడ, మేష్టారు, చిన్నపిల్లలు, కొత్తవాళ్ళు, దెబ్బలాడి వెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళు. నీ మరదలు వాళ్ళమ్మది విడిగా కట్టాను, నీ మరదలికి చెప్పకు.

తమ్ముడు

*

నా వంటగది

ఒరేయ్ దుబారా మనిషీ,

నీ పొట్లాలు తూచాను. నువ్వు కొట్టు నడుపుతున్నావా, సత్రం నడుపుతున్నావా? అల్లికలావిడ పొట్లం మేష్టారి పొట్లానికి మూడింతలుంది. ఆయనేం పాపం చేశాడు? నీ అత్తగారి పొట్లంలో నాలుగే పప్పు బద్దలున్నాయి, అందులో ఒకటి పుచ్చింది.

ముందు తేలికనుకున్నాను. రాళ్ళ వైపు చెయ్యి పిసరంత పొడుగు, సరుకు వైపు పిసరంత పొట్టి చేస్తే, సమానంగా నిలిచినా కొసరు కలిసే ఉంటుంది. కానీ నువ్వు మనిషికో మొగ్గు అంటావు. అంటే పివట్ ఒకచోట కూర్చుంటే కుదరదు, జరగాలి. అంచు దెబ్బతినకుండా, రాపిడి పుట్టకుండా, వెంట్రుకలో వెయ్యోవంతు జరగాలి. ఇలాంటి తిక్క లెక్క నా జన్మలో చెయ్యలేదురా. మూడువారాలు మూతల సెక్షనుకి జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. ఇంత హాయిగా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

పెట్టె పంపుతున్నాను. కాడ పక్కన చిన్న మీట ఉంటుంది. బొటనవేలితో అలా తాకితే చాలు, కొసరు పడ్డాకే సరుకు పళ్ళెం కొనేవాళ్ళ వైపు వాలుతుంది. గట్టిగా తాకితే గట్టిగా వాలుతుంది. జనం చూసుకునేలోగా నిలవడానికి ఒక నూనె గిన్నెలో చిన్న తెడ్డు వేలాడదీశాను, ఊగుడు అదే తగ్గిస్తుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. లోకమంతా కొట్టువాళ్ళు దొంగతనంగా త్రాసు మీద బొటనవేలు వేసి తమ వైపు లాక్కుంటారు. చదువుకున్నదాన్ని, నేను అదే బొటనవేలికి మీట చేసి అటువైపు పెట్టాను. మా డైరెక్టరు చూస్తే గుండె ఆగుతుంది.

మరదలిని ముట్టుకోనివ్వు. ఆ పిల్ల లేకపోతే నేను హాల్లో నవ్వులపాలయ్యేదాన్ని.

అక్క

*

కొట్టు,
గల్లాపెట్టె మీద నుంచి, బస్తాల మీద చోటు లేదు

అక్కా,

ఎలా చెప్పను! అల్లికలావిడ కిలో పప్పు కొని, పళ్ళెం వాలడం చూసి, మళ్ళీ చూడాలని ఇంకో కిలో కొంది. మేష్టారికి మీట సంగతి తెలిసిపోయింది. "నాకు తక్కువ వాలుతోంది" అని గొడవ. పెంచాను. నీ మరదలు మీట నొక్కింది, అయినా పాడవలేదు. అది నీ పనితనానికి పెద్ద పరీక్ష.

నిన్న తూనికల అధికారి వచ్చాడు, ఆ కునుకు తీసినాయనే. ఎదుటి కొట్టువాడు కంప్లయింట్ పెట్టాడట. త్రాసుని తిప్పి తిప్పి చూసి, "ఇది తప్పుడు త్రాసు, సీలు వెయ్యాలి" అన్నాడు. ముద్ర తీశాడు. "ఎవరు మోసపోయారో రాయాలి" అని కాగితం తీశాడు. కొన్నవాళ్ళెవరూ మోసపోలేదు. "అయితే మోసపోయింది నువ్వే. సంతకం పెట్టు" అన్నాడు. "నేను ఫిర్యాదు చెయ్యనండీ" అన్నాను. "మోసపోయి కూడా ఫిర్యాదు చెయ్యవా?" అన్నాడు. "సంతోషంగా ఉందండీ" అన్నాను. ఆయన చట్టం పుస్తకం మొదట్నించీ చివరిదాకా తిరగేశాడు. సంతోషంగా మోసపోయే కొట్టువాడికి అందులో సెక్షను లేదు. ముద్ర జేబులో పెట్టుకుని, "పావుకిలో పంచదార ఇవ్వు" అన్నాడు. నేను మీట గట్టిగానే నొక్కాను.

ఇప్పుడు ఎదుటి కొట్టువాడికే అలాంటి త్రాసు కావాలట. మార్కెట్లో ఇంకా చాలామంది అడుగుతున్నారు. వెనకగది ఖాళీ చేశాను. కిటికీ ఉంది, వెలుతురు పడుతుంది. నీ మరదలు తలుపు మీద సుద్దతో "పివట్ గది" అని రాసి, కింద "ఊపిరి తీసుకోవచ్చు" అని రాసింది.

మూతలకి దణ్ణం పెట్టి వచ్చెయ్ అక్కా.

తమ్ముడు

*

వంటగది, సామాను కట్టేశాక

ఒరేయ్ తమ్ముడూ,

శుక్రవారం బండికి వస్తున్నాను. స్టేషనుకి రా. నూనెరాళ్ళ పెట్టె బరువు, ఒక్కదాన్నే దించలేను. మూతల సెక్షనువాళ్ళు నేను వెళ్తున్నానని విందు చేశారు, వాళ్ళ జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేరు. డైరెక్టరుగారు గుర్తుగా నీ కొట్టు గాలి సీసా ఇచ్చాడు. పాత మూత వదులైతే నేను చేసిన మూత బిగించారు, అది ఇంతవరకూ ఎవరికీ ఊడి రాలేదు. తెచ్చి మీ గాలి మీకే అప్పజెబుతాను.

ఒక్క సంగతి. ఆ చక్కెర బిళ్ళ. నీకిచ్చిన ముక్కే పెద్దది. ఎంత పెద్దదో కూడా నాకు తెలుసు. చెప్పను.

అక్క